రొద లేని యాంప్లిఫయర్

కురమోచి ఇంటి పెరట్లో ఒక కరెంటు స్తంభం ఉంది. వీధిది కాదు, ఆయన సొంతానిది. ఇరుగుపొరుగు ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ తిరిగే కరెంటు తన పాటల్లోకి రాకూడదని, విడిగా ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా పెట్టించుకున్నాడు. కరెంటుకి కూడా మడి కట్టించిన మనిషి. మత్సుమొతో ఊళ్లో చాలామంది నవ్వుకున్నారు గానీ, పాటల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం ఆ స్తంభాన్ని చూడ్డానికి పనిగట్టుకుని వచ్చేవాళ్లు.

పళ్ల డాక్టరుగా బతుకంతా డ్రిల్లు మోతలో గడిపినవాడాయన. రిటైరయ్యాక కోరుకున్నది ఒక్కటే, చప్పుడు లేని చోట కూర్చుని పాట వినడం. భార్య చిజురుకి ఆ పిచ్చి మీద కోపమేం లేదు. మొగుడు ఇన్నాళ్లకి ఇంటిపట్టున ఉన్నాడు, అదే చాలనుకుంది.

ఆ చలికాలం, గ్రామఫోను బూరాలాంటి పెద్ద నోళ్లతో బీరువాలంత హార్న్ స్పీకర్ల జత ఒకటి ఇంటికొచ్చింది. వాటికి తగిన యాంప్లిఫయర్ కోసం వేట మొదలైంది. దుకాణం నడిపే నగుమో ఒక్కోదాన్నీ తెచ్చి వారంపాటు ఇంట్లో వదిలి వెళ్లేవాడు. నచ్చితే ఉంచుకోవచ్చు, లేకపోతే తిరిగిచ్చెయ్యొచ్చు.

"ఈ స్పీకర్లు గుసగుసకి కూడా ఉలిక్కిపడతాయి డాక్టరుగారూ. వీటికి కండ అక్కర్లేదు, నెమ్మదితనం ఉండాలి," అన్నాడు నగుమో.

కురమోచి పెట్టే పరీక్ష ఒకటే. రికార్డు పెట్టకుండా ఉత్త యాంప్లిఫయర్ వేసి, తలని హార్న్‌లోకి దూర్చి, ఆ ఖాళీని వినేవాడు. మొదట వచ్చిన వాల్వుల యాంప్లిఫయర్‌లో సన్నగా గుయ్‌మని రొద ఉంది. ఆయన మొహం చిట్లించాడు.

"పాట ఎంత బాగా వస్తోందో! తల లోపల పెడితే తప్ప ఆ రొద వినపడదు కదండీ," అంది చిజురు.

"బియ్యంలో రాయి కనబడ్డాక, పంటికి తగిలేదాకా ఆగుతామా?"

"మీకన్నీ పళ్లే!"

రెండో యాంప్లిఫయర్‌లో రొద సగానికి సగం తగ్గింది. దాని అడుగున ఇంకేదో ఉంది. ఊపిరిలా, ఆగి ఆగి వస్తోంది. చిజురు కూడా తల పెట్టి చూసింది. లోపల చల్లటి ఇనుము వాసన, దాని వెనక తడిసిన గుడ్డ వాసన. ఆమె చెవి ఒగ్గగానే ఆ ఊపిరి ఆగిపోయింది. అవతలివాళ్లు కూడా వింటున్నట్టు...

ఆమె చటుక్కున తల వెనక్కి తీసుకుంది.

"ఏవండీ, మొదటిదే తెప్పించండి. ఆ రొద ఉంటేనే మేలు."

"నీకేమైనా మతి పోయిందా? ఇది ఇందులోని లోపం. ఇంకా నెమ్మదైనది తెప్పిస్తే అదే పోతుంది."

రొద అంటే తీసి పారెయ్యాల్సిన చెత్త అనుకునే జాతి ఈ పాటల పిచ్చివాళ్లది. అది దేన్నైనా కప్పి ఉంచిందేమో అన్న ఆలోచన వాళ్లకి చచ్చినా రాదు.

మూడోది నల్లటి పెట్టె. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి దింపారు. దాన్ని వేసినా వేసినట్టే ఉండదు, రొద అనేదే లేదు. కురమోచి తల లోపల పెట్టాడు. మళ్లీ తియ్యలేదు. చిజురు మీసో చారు వేడిచేసి పిలిచింది. చల్లారాక మళ్లీ వేడిచేసింది.

చీకటి పడ్డాక ఆయన బయటికొచ్చాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"లోపల ఎవరో ఉన్నారు," అని గుసగుసలాడాడు. "ఏదో చెప్తున్నారు... మన ఇంట్లో చప్పుళ్ల వల్ల అందట్లేదు."

మర్నాడు ఫ్రిజ్ వైరు పీకేశాడు. గోడ గడియారం ఆపేశాడు. కెటిల్ పెట్టొద్దన్నాడు. చెప్పులు విప్పించి మేజోళ్లతో నడవమన్నాడు. ఆమె అన్నీ చేసింది. చెయ్యకపోతే ఏడుపుమొహం పెట్టేవాడు, దాన్ని చూడలేకపోయింది.

ఆ సాయంత్రం ఆయన హార్న్‌లోంచి తల తిప్పకుండానే అన్నాడు.

"చిజురూ... నువ్వు ఊపిరి తీసుకుంటున్నావు."

ఆమె మంచుపడుతున్న వీధిలోకి వచ్చి నగుమోకి ఫోన్ చేసింది.

"నీకు దణ్ణం పెడతాను, ఆ నల్లదాన్ని తీసుకుపో బాబూ!"

"అయ్యో, ఎలాగమ్మా? పొద్దున్నే డాక్టరుగారు ఫోన్ చేసి ఖాయం చేసేశారు. ఇంత బాగా జత కుదరడం చాలా అరుదు."

ఇక ఆమెకి దిక్కు తోచలేదు. లోపలికొచ్చి పెట్టెని కదపబోతే కదల్లేదు. స్విచ్ నొక్కితే పెట్టె ఆరిపోయింది గానీ, హార్న్‌లో ఊపిరి ఆగలేదు. అది ఇప్పుడు గది మధ్యకి వినపడుతోంది. మొగుడి మెడ నెమ్మదిగా లోపలికి జారుతోంది, భుజాలు కూడా...

రొద ఒక్కటే దాన్ని కప్పగలదు. అంత భయంలోనూ ఆ సంగతి ఆమెకి గుర్తుంది. వంటింట్లోంచి గిన్నె, గరిటె తెచ్చింది. బలమంతా పెట్టి కొట్టింది.

చప్పుడు రాలేదు.

మళ్లీ కొట్టింది. గిన్నె సొట్టపడింది. చప్పుడు లేదు. "ఏవండీ!" అని గొంతు చించుకుంది. గొంతు మండింది... గదిలో ఏమీ వినపడలేదు.

అప్పుడు ఎడమ హార్న్‌లోంచి వచ్చింది. ఖణేల్‌మని గిన్నె మోత. దాని వెంటే ఆమె కేక, తేటగా, గాజులా.

కురమోచి తల బయటికి తీశాడు. మొహమంతా ఆనందంతో తడిసిపోయి ఉంది.

"విన్నావా! మనిషి ఎదురుగా నిలబడి పిలిచినట్టే లేదూ?"

వారం తిరిగేసరికి నగుమో వచ్చాడు. చిజురు ట్రేలో టీ పట్టుకుని ఇద్దరి ముందూ నిలబడింది. ఆమె పెదవులు ఆగకుండా కదులుతున్నాయి, గొంతు ఎడమ హార్న్‌లోంచి వస్తోంది.

"అబ్బ, ఏం గొంతండీ!" అన్నాడు నగుమో. "ఎవరిదా రికార్డు?"

"ఇంకా పెట్టలేదు," అన్నాడు కురమోచి మురిసిపోతూ. "కుడివైపు కూడా విను."

కుడి హార్న్‌లోంచి ఇంకో ఆడగొంతు, ఓపిగ్గా, బుజ్జగిస్తున్నట్టు వచ్చింది.

"అరవకమ్మా... మొదట్లో నేనూ ఇలాగే అరిచాను..."

చిజురు చేతిలోని ట్రే వదిలేసింది. కప్పులు నేల మీద పడి ముక్కలయ్యాయి. ఆ ముక్కల చప్పుడు స్పీకర్లోంచి వచ్చింది. మగవాళ్లిద్దరూ కళ్లు మూసుకుని, తలలూపుతూ వింటున్నారు.