మ్యాప్ మింగేసిన శిఖరం

“కొండ వంగింది.”

శత్రు ముఠా రేడియోలో దొరికిన మాట అంతే. చీఫ్ ఆ టేపు మూడోసారి వినిపించి ఆపేశాడు. బల్లకు ఇవతల ఏజెంట్ ఉడుత కూర్చుని ఉంది. ఎక్కడికైనా ఎక్కేస్తుందని డిపార్ట్‌మెంట్ ఆమెకు పెట్టిన పేరది.

“రేపు ఉదయం మన విమానం సరిహద్దు దాటి వస్తోంది. విడిపించిన బందీలు తొమ్మిది మంది. రాడార్‌కి చిక్కకుండా కొండల మధ్య, తక్కువ ఎత్తులో. అంతా మబ్బు. ఉపగ్రహం ఫోటోలతో చేసిన ఎత్తుల మ్యాపే దిక్కు.”

“ఆ మ్యాప్‌ని ఎవరో కెలికారంటారా సర్?”

“అదే తేల్చు. రుజువు లేకుండా విమానం ఆపలేను. మ్యాపింగ్ సెంటర్‌లో మనవాడున్నాడు, మారుపేరు సిల్క్ టై. సాయం చేస్తాడు.” చీఫ్ గొంతు తగ్గించాడు. “పైలట్ మీ తమ్ముడు.”

ఉడుత కుర్చీ వెనక్కి తోసి లేచింది. 

మధ్యాహ్నానికల్లా ఆమె లావుపాటి కళ్ళద్దాల ఆడిటరమ్మ అయిపోయింది. సిల్క్ టై గుప్పుమనే సెంటుతో, చూడచక్కని నవ్వుతో ఎదురొచ్చాడు. సెంటర్‌లో సగం మంది పని మానేసి అతణ్ణే చూస్తున్నారు.

“రెండు వందల చోట్ల నేల మీద కొలిచి మ్యాప్‌తో పోల్చాం మేడమ్. సగటు తేడా మూడు మీటర్లు. ఫస్ట్ క్లాస్ యాక్యురసీ!”

ఉడుత స్క్రీన్ మీది చుక్కలు చూసింది. అన్నీ రోడ్ల వెంటే ఉన్నాయి.

“శిఖరాల మీద ఒక్కటీ లేదేం?”

“జీపు వెళ్ళిన చోటే కదండీ కొలుస్తారు. ఎక్కడైనా అంతే.”

నిజమే. కానీ ఆ బద్ధకమే శత్రువుకి వరమైతే? రోడ్డు పక్క నేల జోలికి పోకుండా ఒక్క శిఖరాన్ని మాత్రం మ్యాప్‌లో దించేస్తే, సగటుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. విమానం దారిలో, దరిదాపుల్లో కూడా ఒక్క చుక్క లేని శిఖరం ఒకటే ఉంది. ఉడుత చూపు దాని మీద ఆగడం సిల్క్ టై కనిపెట్టాడు.

తెల్లారేసరికి ఆమె ఆ శిఖరం మీద ఉంది. మోకాళ్ళు దోక్కుపోయాయి. చుట్టూ మబ్బు తప్ప ఏమీ లేదు. చేతిలో గొడుగు. దాని పిడిలో ఉన్న రిసీవర్ నిలబడ్డ చోటి ఎత్తు చెబుతుంది.

అంకెలు నిలిచాయి. మ్యాప్‌లో ఉన్న ఎత్తు కంటే నూట పది మీటర్లు ఎక్కువ!

“గొడుగు కింద పెట్టు.” మబ్బులోంచి సెంటు వాసన, వెనకే పిస్టల్. “నా రిపోర్టుని కాదని నీ గొడుగుని ఎవడు నమ్ముతాడు?”

“నమ్మకపోతే మానెయ్యనీ. నీ సంతకం చూసి కొండ కూర్చోదు!”

దూరంగా ఇంజిన్ మోత వినిపించింది. సిల్క్ టై కళ్ళు అటు తిరిగాయి. ఉడుత బటన్ నొక్కింది. గొడుగు ఫట్‌మని అతని ముఖం మీద తెరుచుకుంది. గుండు గురి తప్పి ఆకాశంలోకి పోయింది. మోకాలితో ఒక్కటిచ్చి, చేతులు విరిచికట్టి, చెవికమ్మలోని రేడియో నొక్కింది.

“ఒరేయ్ తమ్ముడూ! పైకి లేపు!”

“అక్కా? నువ్వా! మ్యాప్‌లో కింద ఎనభై మీటర్ల ఖాళీ ఉంది.”

“ఆ ఖాళీలోనే నిలబడి మాట్లాడుతున్నాన్రా! లేపరా!”

ఇంజిన్ గావుకేక పెట్టింది. విమానం పొట్ట ఆమె తల మీదుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా దూసుకుపోయింది. ఆ గాలికి గొడుగు లోయలో పడింది. ఉడుత బండ మీద కూలబడి ఏడ్చింది, నవ్వింది, చివరికి సిల్క్ టైని చెడామడా తిట్టింది.

చెవిలో మళ్ళీ గరగర.

“అక్కా, నువ్వు బీమా కంపెనీలో కదా పని చేసేది?”

“అవున్రా. నీకూ, నీ వెనకున్న తొమ్మిది మందికీ ఇప్పుడే పాలసీ ఇచ్చాను. అమ్మతో అనకు, కమిషన్ అడుగుతుంది.”