ముందెరుక చెప్పిన మెడ

చెవుల మీదుగా మూడో చుట్టు పట్టీ బిగించి, మిగిలిన ముక్కను మైలపల్లి పోలరాజు పళ్ళతో తెంపాడు. ముందు వరుసలో ప్రాప్‌గా, ఎదుటి జట్టు తలల మధ్య తల దూర్చి నెట్టే పద్నాలుగేళ్ళ రగ్బీ స్క్రమ్‌లు ఆ చెవులను నలిపి నలిపి ముడులు చేశాయి. మెడ వెనుక చర్మలిపి బిళ్ళ మాత్రం నిగనిగలాడుతోంది; ప్రతి ఉదయం పాతది తీసి కొత్తది అతికిస్తారు. చెవులకు ఆ మర్యాద లేదు. లిపిని చదివి జరగబోయేది చెప్పడానికి ముందెరుక అనే యంత్రం ఉంది. చెవులను చదివేవారు లేరు.

గోడమీద ఇవాళ్టి ముందెరుక వెలిగింది. అరకు ఇరవై నాలుగు, భీమిలి పంతొమ్మిది. దాని కింద, ఏ నిమిషంలో ఎవరు పడతారో, ఎవరు లేస్తారో.

"డెబ్బై ఒకటో నిమిషం. మీ మెడ పట్టేస్తుంది," అన్నాడు ఫణిభూషణం. అతడు భీమిలి జట్టుకు అనుగుణాధికారి, ఆట ముందెరుక ప్రకారమే జరిగేలా చూసేవాడు. జీవితంలో బంతి ముట్టినవాడు కాడు. "మీకు బదులుగా దిగాల్సిన ప్రాప్ అప్పటికే బయటికి వెళ్ళిపోయి ఉంటాడు. ముందు వరుసకు మనిషి లేకపోతే ఇక నెట్టుడు లేని స్క్రమ్‌లే, స్కోరు చెప్పినట్టే నిలుస్తుంది. లిపి చురుక్కుమనగానే చెయ్యెత్తండి."

"ఎత్తుతాను బాబూ. నా మెడ నొప్పి నాకన్నా ముందల తమరికెలాగ తెల్సిపోనాదో, అదే తెల్దు."

"ముందెరుక ఊహించదు పోలరాజు గారూ. చెబుతుంది."

"అవునవును. అది సెప్తాది, మేం పడతాం."

పక్క బల్లమీద బూటు తాళ్ళు కట్టుకుంటున్న ముందు వరుస నడిమి ఆటగాడు, హుకర్ దాలినాయుడు కిసుక్కున నవ్వాడు. "రేపు నువ్వు దగ్గే దగ్గు కూడా రాసీసుంటార్రా మావా."

భూషణం నవ్వలేదు. "వచ్చే ఏడాది మీకు శిక్షకుడి కొలువు ఖాయం, ఇవాళ సవ్యంగా జరిగితే. లిపి ఊడిందో, సంగతి తెలుసుగా. లిపి లేని మనిషికి ఏ మైదానంలోనూ చోటు లేదు. జీవితాంతం."

పోలరాజు తల ఊపాడు. ఇప్పటికి ఆరుసార్లు అలాగే ఊపాడు. ఆరుసార్లూ చెప్పిన నిమిషానికి, చెప్పిన చోట చెయ్యి పెట్టుకొని మూలిగాడు. అధికారి మీద ఎంత ఏవగింపో, ఊగిన తన తల మీదా అంతే.

స్టేడియంలో నలభై వేల మంది. ఆట చూడటానికి వచ్చినవారు కారు, సరిచూసుకోవడానికి వచ్చినవారు. పెద్ద తెరమీద ఒక్కో వరుస నిజమై పచ్చబడినప్పుడల్లా చప్పట్లు. బంతి పట్టినవాడికి కాదు, పడతాడని చెప్పిన తెరకు. ఉప్పు బఠాణీలు నములుతూ, రాబోయే క్షణాన్ని నములుతూ, ఏ ఆశ్చర్యమూ గొంతుకు అడ్డం పడకుండా హాయిగా కూర్చున్నారు.

డెబ్బై ఒకటో నిమిషం. అరకు గీతకు ఐదు మీటర్ల దూరంలో స్క్రమ్.

"వంగు. పట్టు. దిగు."

రిఫరీ మాటకు ఎనిమిది మంది ఎనిమిది మందిని ఢీకొన్నారు. పోలరాజు చెవికి అరకు ఎడమ ప్రాప్ కొర్రా బొంజు చెవి రాసుకుంది. ఆరేళ్ళుగా ఎదురుపడుతున్న చెవి. లిపి చురుక్కుమంది. పోలరాజు చెయ్యి తీయబోయాడు.

"మెడ," అన్నాడు బొంజు.

ముందు వరుసలవాళ్ళకు ఒక ఆన ఉంది. ఏ నిబంధనలోనూ లేదు, ఏ తెరా దాన్ని చదవలేదు. తలలు కలిసిన ఆ చీకట్లో ఎవడు 'మెడ' అన్నా, ఏ జట్టువాడని చూడకుండా నెట్టడం ఆపాలి. రిఫరీ ముందు ఆరుసార్లు బొంకిన పోలరాజు కూడా ఆ లోపల ఎన్నడూ బొంకలేదు.

"మెడరా! ఆపండెహె!" పోలరాజు అరిచాడు.

పదహారు మందీ సడలారు. బొంజు బోర్లా జారి, అలాగే ఉండిపోయాడు. "కాళ్ళు తెలీట్లేదన్నా," అన్నాడు గడ్డిలోకి.

చెప్పిన నిమిషానికి స్క్రమ్ ఆగింది గనుక తెరమీద వరుస పచ్చబడింది: పోలరాజు, మెడ గాయం. చప్పట్లు. వైద్యులు స్ట్రెచర్‌తో పరుగెత్తి వచ్చి, బొంజును దాటి, పోలరాజు ముందు ఆగారు.

"పడుకోండి," అన్నాడు డాక్టరు.

"నాకేటీ అవ్వలేదు. ఆడికి సూడండి, కాళ్ళు తెలీట్లేదంతన్నాడు."

డాక్టరు చేతి పలక చూశాడు. "అతను క్షేమమనే ఉంది. ఇవాళ గాయం మీది."

"మడిసిని సూడండి బాబూ, పలకని కాదు!"

"పలకలో లేని గాయాన్ని నేను ముట్టుకోకూడదు. త్వరగా పడుకోండి, చప్పట్లు ఆగిపోతాయి."

పోలరాజు ఆ ముఖంలోకి చూశాడు. తన ఆరు మూలుగులూ అక్కడ పేరుకొని కనిపించాయి. చెయ్యి మెల్లగా మెడ వెనక్కి వెళ్ళింది. గీత అవతల భూషణం తృప్తిగా తలాడించాడు.

ఆ చెయ్యి లిపిని చర్మంతో సహా పెరికింది. పోలరాజు మోకాళ్ళ మీద కూర్చొని, బొంజు తల కదలకుండా ఒక అరచేత్తో ఆనించి పట్టి, రెండో చేత్తో ఆ లిపిని బొంజు లిపి మీద అంటించాడు.

"ఇదిగో పోలరాజు. మొయ్యండింక."

పలక కిచకిచలాడింది. డాక్టరు ముఖం తేటపడింది. మెడకు దన్ను కట్టి, నలుగురు కలిసి జాగ్రత్తగా ఎత్తారు. పోలరాజు గారు మైదానం దాటారని తెర ప్రకటించింది. నలభై వేల చప్పట్లు సాగనంపాయి.

అవి సగంలో ఆగాయి. భీమిలి కుడి ప్రాప్ చోట, మెడ వెనుక నెత్తురు చెమ్మతో, ఒక మనిషి నిలబడే ఉన్నాడు.

"మీరు... మైదానంలో లేరు," అన్నాడు రిఫరీ.

"లేనోడికి గాయమెక్కడిది బాబూ? నెట్టుడు స్క్రమే ఆడదాం."

దాలినాయుడు అడగకుండానే చెయ్యి చాచి అతడి చొక్కా బిగించి పట్టుకున్నాడు. రిఫరీ తెర వైపు చూశాడు; తెర ఏమీ చెప్పలేదు. "వంగు," అన్నాడు.

బొంజు చోటుకు వచ్చిన కొత్త ప్రాప్ కూడా, అలవాటు చొప్పున, తన వరుస కోసం తెరను వెతికాడు. డెబ్బై మూడో నిమిషం దగ్గర అక్కడ వరుసలన్నీ చెరిగిపోయి, ఉత్త వెలుతురు.

"అక్కడేటీ లేదు నాయనా," అన్నాడు పోలరాజు వంగుతూ. "ఇటు సూడు."