పదహారు దాకా ఒకే ఊపిరి

ఆస్పత్రి లాండ్రీలో రోజంతా నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేసి వచ్చిన మనిషికి ఏం కావాలి? కాస్త టీ, కాళ్ళు చాపుకునే చోటు, ఆపైన నిద్ర. ఈ కోడలికి మొదటి రెండూ దొరికేవి. మూడోదానికే కరువు.

కారణం అత్త. ముసలావిడ చెడ్డదేం కాదు, పాపం. ముప్పై ఏళ్ళపాటు కొడుకు రోజూ రాత్రి ఎనిమిదింటికి, భోజనాలయ్యాక, ఆ ఇంట్లో ట్రంపెట్ సాధన చేసేవాడు. ఒకే స్వరాన్ని ఒకే ఊపిరిలో సాగదీసేవాడు. ఆవిడ పక్క గదిలో వాలుకుర్చీలో కూర్చుని ఒకటి, రెండు అని లెక్కపెట్టేది. పదహారు వచ్చేసరికి కళ్ళు మూతలు పడేవి. ఊపిరితిత్తుల జబ్బుతో కొడుకు పోయి ఏడాదైంది. అప్పట్నుంచీ ఆవిడకు కునుకు లేదు. ఆవిడకు లేకపోతే కోడలికెక్కడిది? "అమ్మాయ్, కాసిని నీళ్ళు", "అమ్మాయ్, తలుపు గడియ వేశావా?" తెల్లవార్లూ ఇదే తంతు.

ఆఖరికి కోడలు విసిగిపోయి మంచం కింద ఉన్న మొగుడి ట్రంపెట్ పెట్టె బయటికి లాగింది.

"నేనే ఊదుతాను అత్తయ్యా. అప్పుడైనా పడుకుంటారా?"

"నువ్వా! పొయ్యి ఊదమంటేనే కళ్ళ నిండా బూడిద పోసుకుంటావు," అంటూ ముసలావిడ చాలా రోజులకు నవ్వింది.

ఆదివారం బ్యాండు మేస్త్రి వచ్చి మొదటి పాఠం చెప్పాడు. పోయినాయనతో కలిసి ఇరవై ఏళ్ళు వాయించిన మనిషి.

"బుగ్గలు పొంగించకమ్మా. పెదవులు బిగించి, సన్నగా వణికించు. అయ్యాక అడుగున ఈ చిన్న మీట నొక్కి, లోపల చేరిన నీళ్ళు కార్చెయ్. మన ఊపిరే చల్లబడి నీళ్ళవుతుంది." ఆ తర్వాత పెదవులు ఆనించే మౌత్‌పీసు విప్పి చూసి ముఖం మాడ్చుకున్నాడు. "ఇది వాడిది. కొత్తది కొనుక్కో. పోయినవాడి మౌత్‌పీసుకు మా వాళ్ళెవరూ పెదవి ఆనించరు."

"అలాగే మేస్త్రిగారూ," అంది. దుకాణం రెండు వీధుల అవతల. అంత దూరం నడిచే ఓపిక ఆ వారమూ లేదు, పై వారమూ లేదు. వేడినీళ్ళతో కడిగి అదే వాడేసింది.

మొదట్లో ఊదితే దూడ అరిచినట్టుండేది. "ఎవరి పీకైనా పిసుకుతున్నావా?" అని అత్త పక్క గదిలోంచి అడిగేది. పెదవులు వాచిపోయేవి. రెండు దాకా లాగింది, తర్వాత నాలుగు దాకా. ఎంత చచ్చీ చెడీ ఊదినా ఐదు దాటేది కాదు.

పదిహేనో రోజున కూడా ఐదు దగ్గరే ఊపిరి అయిపోయింది. ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని రొప్పుతోంది. అత్త లెక్క ఆగలేదు.

"ఆరు... ఏడు... ఎనిమిది."

"నేనెప్పుడో ఆపేశాను అత్తయ్యా."

"ఊరుకో, ఇప్పుడేగా ఆగింది. ఎంత బాగా సాగదీశావమ్మా!"

ముసలి చెవులు, ఏం చేస్తాం అనుకుంది. గుడ్డ పరిచి మీట నొక్కింది. రోజూ పడేవి నాలుగు చుక్కలు. ఆవేళ ధారగా కారాయి. గుడ్డంతా తడిసిపోయింది. గోరువెచ్చగా... దగ్గుమందు వాసన. ఏడాది క్రితం ఆ గది నిండా ఉన్న వాసనే.

భయపడాల్సింది. కానీ అత్త గురక పెట్టి నిద్రపోయింది. కోడలూ ఒళ్ళు తెలియకుండా పడుకుంది. ఆ సుఖం ముందు భయమెంత! తెల్లారాక గుడ్డ ఉతికి ఆరేసింది. ఎవరికీ చెప్పలేదు.

కోడలి ఊపిరి ఐదు దగ్గరే ఉంది; అత్త లెక్క పెరిగింది. పది. పన్నెండు. లెక్కతోపాటు అత్తకు ఆయాసమూ పెరిగింది. స్నానాలగది దాకా వెళ్ళి రావాలంటే రెండుసార్లు గోడ పట్టుకుని ఆగేది. డాక్టరు ఛాతీ విని, వయసు మీద పడిందన్నాడు. పద్నాలుగు అయిన మర్నాడు చూస్తే ముసలావిడ పెదవులు నీలంగా ఉన్నాయి.

కోడలు ఆ పెదవుల వంక చూస్తూ లెక్కేసుకుంది. తన ఊపిరి ఐదే. మిగతాది ఎవరి ఊపిరి? భయంకన్నా ముందు సిగ్గేసింది. నిద్ర కోసం ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు ఊరుకుంది తనే కదా!

"ఇక ఊదను అత్తయ్యా."

"ఇంకో రెండే కదమ్మా," ముసలావిడ గుసగుసగా అంది. "పదహారైతే వాడూ పడుకుంటాడు."

"ఎవరు?"

ముసలావిడ కళ్ళు మూసుకుంది.

ఆ పొద్దున్నే కోడలు మౌత్‌పీసు విప్పి, రుమాల్లో చుట్టి సంచీలో వేసుకుంది. పెట్టెకు తాళం వేసి తాళంచెవి కూడా తీసుకుని పనికి పోయింది. మౌత్‌పీసు లేకపోతే అది వట్టి ఇత్తడి గొట్టం. ఇస్త్రీ బల్ల పక్కన కొక్కేనికి సంచీ తగిలించి, రోజంతా దాని మీద ఒక కన్నేసే ఉంచింది. పని అయ్యాక అటునుంచటే వెళ్ళి మేస్త్రికి ఇచ్చేద్దామనుకుంది. ఆవేళ దుప్పట్లు రెట్టింపు వచ్చాయి. బయటపడేసరికి ఏడున్నర దాటింది. కాళ్ళు పీకేస్తున్నాయి. రేపిద్దాంలే అనుకుని ఇంటిదారి పట్టింది.

మెట్ల మీద ఉండగా వినిపించింది.

ఒకే స్వరం. వణుకు లేదు. ఎక్కడా తెగడం లేదు. దానితోపాటు అత్త గొంతు.

"పదకొండు... పన్నెండు..."

"అత్తయ్యా, ఆపండి!" పరుగెత్తింది. ఇంటి తాళంచెవి చేతిలోంచి జారింది. వెతికింది.

"పద్నాలుగు..." గొంతు సన్నగిల్లింది.

తలుపు తెరిచింది.

"పదిహేను..."

స్వరం ఇంకొక్క క్షణం సాగి ఆగింది. పదహారు ఎవరూ అనలేదు.

పెట్టె మంచం కిందే ఉంది, వేసిన తాళం వేసినట్టే. అత్త వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని ఉంది. ముఖం హాయిగా ఉంది. ఊపిరి లేదు. పెదవుల మీద గుండ్రంగా, ఎర్రగా ఒక అచ్చు. కొడుక్కి ముప్పై ఏళ్ళు ఉండేది అలాంటి అచ్చే.

కోడలు సంచీలో చెయ్యి పెట్టింది. రుమాలు తడిసిపోయింది. మౌత్‌పీసు వెచ్చగా ఉంది...

అన్నీ అయ్యాక మేస్త్రి ఏమీ అడగలేదు. ట్రంపెట్‌నూ మౌత్‌పీసునూ పెట్టెతో సహా తీసుకుపోయి, నది మధ్యలో పారేసి వచ్చి చెప్పాడు. ఆమె తలుపు వేసుకుని పడుకుంది. ఇక "అమ్మాయ్" అని పిలిచేవాళ్ళు లేరు. ఏడాదిగా కోరుకున్నది ఇదే. ఏడుపొచ్చింది. ఏడ్చే ఓపికా లేకపోయింది. కళ్ళు మూతలు పడ్డాయి.

గోడగడియారం ఎనిమిది కొట్టింది.

ఎక్కడో, చాలా దూరంలో, ఆ స్వరం మొదలైంది. చీకట్లో ఎవరో అలిసిపోయిన గొంతుతో "ఒకటి" అన్నారు. "రెండు..." అది అత్త గొంతు కాదు. మూడు దగ్గర తెలిసింది, కదులుతున్నవి తన పెదవులే. ఆపాలంటే నోరు మూసుకుంటే చాలు. ఆ మాత్రం ఓపిక కూడా లేదు.

"ఐదు..." అంది. "ఆరు..."