అందరూ వచ్చారా?

మా లోయ పైన, మేతభూములు అయిపోయి రాళ్ళు మొదలయ్యే చోట, కొండలెక్కేవాళ్ళు తలదాచుకునే రాతి బస ఒకటుంది. దాన్ని నడిపేది జావెర్, అతని భార్య ఓడిలియా. నడపడమంటే, ఓడిలియా వండుతుంది, ఊడుస్తుంది, దుప్పట్లు దులుపుతుంది. జావెర్ గుమ్మంలో నిలబడి వాతావరణం మీద తన అభిప్రాయం చెబుతాడు. అతని మాట నమ్మి గొడుగు లేకుండా బయల్దేరి తడిసొచ్చినవాళ్ళు మా ఊళ్ళో ఇంటికొకరున్నారు.

జావెర్ తండ్రి మెల్క్ కూడా వేసవంతా అక్కడే. మోకాళ్ళు పోయి ఆవుల్ని అమ్మేశాక కొడుకు పంచన చేరాడు. ఆవులు పోయినా పాలు వడకట్టే చెక్క గరాటు మాత్రం వదల్లేదు. పొద్దు వాలగానే బస ముందున్న శిలువ దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళి, గరాటు నోటికి పెట్టుకుని నాలుగు దిక్కులకూ కేక వేసేవాడు. కొండ మీద కాపరులు తాతల నాటి నుంచి వేస్తున్న కేకే అది. దేవుడూ, మేరీ తల్లీ, పునీతులూ ఈ చోటును కాయాలని. ఆ గొంతు ఎంతదూరం వినిపిస్తే అంతమేరా తెల్లారేదాకా కంచె కట్టినట్టు. లోపలున్నది లోపలే. బయటున్నది బయటే. అందుకే గరాటు ఎత్తేముందు "అందరూ వచ్చారా?" అని అడగాలి. వచ్చారని ఇంట్లోవాళ్ళు చెప్పాలి.

జావెర్‌కి ఇదంతా నవ్వులాట. "ఆవులే లేకపోతే దెయ్యాలకి ఇక్కడేం పని నాన్నా? నీ మోకాళ్ళు చూసి పోదామని వస్తాయా?" అనేవాడు.

ఆ ఏడు శరత్తులో, బస మూసేసే వారం అది. మందలన్నీ కిందికి దిగిపోయాయి. గంటల చప్పుడు లేక కొండ బోసిపోయింది. బసలో మిగిలిన అతిథి ఒక్కడే, జ్యూరిచ్ బడిలో పాఠాలు చెప్పే లీన్‌హార్ట్ మాస్టారు. ప్రతి రాయి పేరూ తెలిసిన మనిషి. ఎవరూ అడక్కపోయినా చెప్పే మనిషి కూడా.

మధ్యాహ్నం జావెర్ పై బాటలో దారి గుర్తుకు పాతిన కర్రలు పీక్కొస్తానని వెళ్ళాడు. వదిలేస్తే చలికాలం మంచుకి అవి విరిగిపోతాయి. అతను వెళ్ళిన కాసేపటికే పైనున్న మంచుకొండ మీంచి పొగమంచు దిగింది. మొదట శిలువ మసకబారింది. తర్వాత శిలువే లేదు. తడి రాతి వాసన తలుపు సందుల్లోంచి లోపలికి వచ్చింది.

మెల్క్‌కి జలుబు చేసి ఆ పొద్దున్నే గొంతు పోయింది. పొయ్యి పక్కన కూర్చుని గరాటు ఒళ్ళో పెట్టుకుని కిటికీ వంకే చూస్తున్నాడు.

"రాలేదా?" అన్నాడు, గాలి మాత్రమే ఉన్న గొంతుతో.

"వస్తాడు మామయ్యా. ఏ రాయి మీదో కూర్చుని పొగాకు నములుతూ ఉంటాడు" అంది ఓడిలియా. అంటూనే మాకరోనీ గిన్నెను మూడోసారి కలిపింది. కలపాల్సిన పని లేదు.

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది.

జావెర్ లోపలికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఓడిలియా ప్రాణం కుదుటపడింది. "కర్రలేవి?" అంది.

"పైనే ఉన్నాయి."

"ఇంతసేపూ పీకి పైనే వదిలొచ్చావా! నీ పనితనం కొండకి కూడా తెలిసిపోయింది." ఆమె గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది. వంగినప్పుడు ఏదో లోటనిపించింది. జావెర్‌ని మా ఊళ్ళో కళ్ళతో చూడకముందే ముక్కుతో పోల్చుకుంటాం. పొగాకు, గొర్రె కొవ్వు, చెమట. ఇప్పుడు అతని దగ్గర ఏ వాసనా లేదు.

"ఇంత పొగమంచులో వచ్చారు, మీ కోటు తడవనే లేదే" అన్నాడు మాస్టారు.

జావెర్ కోటు వంక చూసుకున్నాడు. అప్పుడే చూసినట్టు. "అవును" అన్నాడు. తర్వాత తండ్రి వైపు తిరిగాడు. "నాన్నా, కేక వేళ అయింది కదా?"

మామా కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెల్క్ తన గొంతు వైపు వేలు చూపించాడు.

"అయితే ఓడిలీ వేస్తుంది."

"ఆడవాళ్ళు వేస్తారా ఎక్కడైనా!" మెల్క్ గుసగుసలాడాడు.

"మీరే వేయొచ్చుగా?" అన్నాడు మాస్టారు.

"నాకు రాదు" అన్నాడు జావెర్. అది మాత్రం నిజం. ఏనాడూ నేర్చుకోలేదు.

చీకటి దగ్గరపడుతోంది. ఒక్క పూట కూడా ఆగని కేక అది. చివరికి మెల్క్ గరాటు కోడలి చేతిలో పెట్టి, ఆచారం తప్పకుండా పెదాలు కదిపాడు. "అందరూ వచ్చారా?"

ఓడిలియా నోరు తెరిచింది. ఆమె కంటే ముందే జావెర్ అన్నాడు. "వచ్చారు."

ఆమె తడుముకుంటూ శిలువ దగ్గరికి వెళ్ళింది. జావెర్ వెనకే వచ్చాడు. అతని అడుగుల చప్పుడు వినిపించలేదు. ఓడిలియా గొంతు గురించి చెప్పక్కర్లేదు, బకెట్ కనబడలేదని ఆమె అరిస్తే లోయలో ఆవులు తలలెత్తుతాయి. కిందివైపు కేక వేసింది. తూర్పుకి వేసింది. పడమరకి వేసింది. పైకి తిరిగి, మేరీ తల్లి పేరు ఎత్తుకుంది...

పైనుంచి కూత వినిపించింది.

బస దగ్గరపడగానే జావెర్ వేసే కూత. చివర్లో జలుబు చేసిన కోడిపుంజులా పగిలిపోయే ఆ కూత ఇంకెవరికీ రాదు. కావాలన్నా రాదు.

గరాటు ఆమె నోటి దగ్గరే ఆగిపోయింది.

భుజం మీద చెయ్యి పడింది. "ఆపకు" అన్నాడు జావెర్ చెవి దగ్గర. "సగంలో ఆపితే కంచెకి గండి పడ్డట్టే."

"అది... నీ కూత."

"నేనిక్కడే ఉన్నాగా."

ఆ మాట నిజమే. మొగుడు పక్కనే ఉన్నాడు. చెయ్యి భుజం మీదే ఉంది. అయితే పైనుంచి అతని గొంతుతో వస్తున్నదేంటి? దాన్ని ఆపడానికే కదా ఈ కేక! మా కొండల్లో పుట్టిన ఎవరైనా అలాగే అనుకుంటారు. ఓడిలియా కళ్ళు మూసుకుని, మిగిలిన పునీతులందరినీ ఒక్కరినీ వదలకుండా పిలిచి, కేక పూర్తిచేసింది.

రాళ్ళ మీద మేకుల బూట్లు పరిగెత్తుతూ దిగుతున్నాయి. దగ్గరికి... ఇంకా దగ్గరికి...

ఆగిపోయాయి.

"ఓడిలీ..." పొగమంచులోంచి రొప్పుతున్న గొంతు. "కాలు ముందుకి పడట్లేదు... ఏం చేశావే?"

గుమ్మంలో మెల్క్ కిందపడ్డ చప్పుడైంది. ఆయన మోకాళ్ళ మీద పాకుతూ బయటికి రాబోతున్నాడు. జావెర్ వెనక్కి నడిచి, తండ్రిని పసిపిల్లాడిలా ఎత్తి లోపల కూర్చోబెట్టాడు. తలుపు మెల్లగా మూశాడు. తర్వాత గిన్నెలో మాకరోనీ చల్లారిందని కూడా అనకుండా తిన్నాడు.

తెల్లారి పొగమంచు విడిపోయింది. బస చుట్టూ గడ్డిలో బూట్ల బాట ఉంది. గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్టు, మట్టి తేలేదాకా తొక్కిన బాట. అది ఎటూ పోలేదు. మాస్టారు దాన్ని చూసి, ఒక్క రాయి పేరూ చెప్పకుండా కొండ దిగిపోయాడు.

మెల్క్‌కి గొంతు వచ్చింది గానీ ఆయన మళ్ళీ గరాటు ముట్టుకోలేదు. ఆ చలికాలం దాటలేదు. అప్పట్నుంచీ కేక ఓడిలియాదే. ఆడది వేయొచ్చా అని మా పాదిరీని అడిగాం. బిషప్‌ని అడుగుతానన్నాడు. బిషప్ ఇంకా ఆలోచిస్తున్నాడు.

జావెర్ మాత్రం బాగుపడ్డాడని ఊరంతా ఒప్పుకుంది. కట్టెలు కొడతాడు, నేల కడుగుతాడు, వాతావరణం ఊసెత్తడు. మా ఆడవాళ్ళు మొగుళ్ళకి అతన్ని చూపించి బుద్ధి చెబుతారు. పొద్దు వాలితే చాలు, గరాటు తుడిచి భార్య ముందు పెట్టి మర్యాదగా అడుగుతాడు. "అందరూ వచ్చారా, ఓడిలీ?"

ఒకే ఒక్క ఏడు ఆమె ఎదురుతిరిగింది. "ఒకరు రాలేదు" అంది.

"అయితే చూద్దాం" అని అతను తలుపు బార్లా తీసి, పక్కన కూర్చున్నాడు.

పొగమంచులో అడుగులు వినిపించాయి. ఆ బూట్లే. వాటి వెనక ఇంకొన్ని. వాటి వెనక... బూట్లు లేనివి. ఓడిలియా గరాటు పట్టుకుని పరిగెత్తింది.

ఇప్పుడు జావెర్‌కి అరవై దాటాలి. జుట్టులో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఏం సబ్బు వాడతాడని సంతలో అడుగుతూనే ఉంటారు. ఓడిలియా నవ్వి ఊరుకుంటుంది, అదీ పెదాలతోనే.

పొగమంచు దిగిన రోజున కేక అయ్యాక కూత ఇంకా వస్తుంది. ప్రతిధ్వని అంటాడు జావెర్. కానీ ఆ గొంతు ఏటేటా బొంగురుపోతోంది. పోయిన శరత్తులో కూత మధ్యలో తెగిపోయి దగ్గు వచ్చింది. ముసలివాళ్ళకొచ్చే పొడిదగ్గు. చాలాసేపు దగ్గి, ఆయాసం తీర్చుకుని... మళ్ళీ మొదటినుంచి కూసింది.