విశ్రాంతమ్మ దాచిన సంగతి

దమ్మపేటలో ఆ ఉదయం ఆరాధన ఒక ఇడ్లీ తిని కంచం పక్కకు జరిపింది.

"ఇంకోటి తిను" అంది తల్లి విశ్రాంతమ్మ.

"పట్టదమ్మా."

ముప్పై తొమ్మిదేళ్ల ఆరాధన బడిలో లెక్కల టీచర్. నూటపదిహేడు కిలోల బరువుకు మోకాళ్లు మొరాయిస్తే, నిరుడు ఖమ్మంలో పొట్ట సంచిని చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుంది. ముప్పై కిలోలు తగ్గింది. తల్లికి మాత్రం ఆ ఆపరేషన్ ఇష్టం లేదు. అప్పటినుంచి ముభావంగానే ఉంటోంది.

టీవీ పక్కనున్న దవాఖానా కాగితం విశ్రాంతమ్మ కంటపడింది.

"ఏంది, మళ్లా పరీక్షనా?"

"పెద్దపేగుల కెమెరా పెట్టి చూస్తరు. ఆపరేషన్‌కు ముందు గూడ చూసిండ్రు. రేపే."

"దేవుడిచ్చిన పొట్టను కోయించుకుంటివి! ఇప్పుడు భారమంతా పేగుల మీద పడ్డదా? మీ నాయన పోయింది పేగు కాన్సర్‌తోనే గదనే!"

"అందుకే చూపించుకుంటున్న. నాకు భయం లేదనుకున్నవా? రెండుసార్లు తేదీ మార్పించిన. నాయన రోగం మనకు ముందే తెలిస్తే గట్ల వదిలేటోళ్లమా?"

విశ్రాంతమ్మ కుర్చీలో కూలబడింది.

"నాకు తెల్సు బిడ్డా" అంది మెల్లగా.

ఆమె భర్త సంసోనుకు పోయేముందు ఏడాదిపాటు విరేచనంలో రక్తం పడింది. మూలశంక అనుకుని ఏవో ఆకుమందులు మింగాడు. బిడ్డకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఆమె నోరు విప్పలేదు.

"నిన్ను తిట్టలే బిడ్డా. నన్ను నేనే తిట్టుకుంటున్న."

ఆరాధన వాకిట్లోకి వెళ్లిపోయింది. నాయన పోయినప్పటినుంచి ఆరేళ్లు దాచిన మాట! కోపమూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. చాలాసేపటికి లోపలికి వచ్చి, "రేపు నాతోటి వస్తవా?" అంది.

"వస్త."

పరీక్షయిన వారానికి డాక్టర్ రాజ్యశ్రీ రిపోర్టు చూపించింది. "పొట్ట చిన్నదైతే పెద్దపేగు లోపలి పొర కూడా మారొచ్చమ్మా. బరువు తగ్గి కొందరికి పొర వాపు నెమ్మదిస్తది. కొన్ని ఆపరేషన్ల తర్వాత కొందరికి ఆ పొర కణాలు జోరుగా పెరుగుతయని కూడా కొన్ని పరిశోధనల్లో కనిపించింది. ఇంకా పూర్తిగా తేలలే. మీ బిడ్డకైతే వాపు తగ్గింది. పేగులో శనగగింజంత కండ (పాలిప్) పెరిగితే ఆ రోజే తీసేసినం. కాన్సర్ కాదు."

"ఆ కండ ఆపరేషన్‌తోటి వచ్చిందా మేడం?" అనడిగింది విశ్రాంతమ్మ.

"చెప్పలేం. వాళ్ల నాన్న నుంచీ రావచ్చు. మూడేళ్లకు మళ్లా చూద్దాం."

బయటికి రాగానే విశ్రాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

తిరుగు బస్సు కదిలీ కదలకముందే ఆమె ఎర్రుపాలెంలో ఉన్న మరిది జోయెల్‌కు ఫోన్ చేసింది.

"జోయెలూ, నీకు రక్తం గిట్ల పడుతుందా? సిగ్గుపడకు, చెప్పు! మీ అన్న దాచిండు, నేను నోరు మూసుకున్న. పడకపోయినా సరే, రేపే పోయి పరీక్ష చేయించుకో. నేనే దగ్గరుండి తోలుకపోత."

బస్సులో అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆమె పట్టించుకోలేదు. ఆరాధన కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ తల్లి భుజం మీద తల ఆనించింది.