చెయ్యి కావాలా, చెవి కావాలా

బ్యాగులో ఆఖరి టవలు కుక్కి జిప్ లాగితే సగంలోనే బిగుసుకుపోయింది. మరో ఊళ్ళో కొత్త ఉద్యోగం, అయిదింటికి బస్సు. మనవరాలికి ఏడుపొక్కటే తక్కువ. అమ్మమ్మకి అదీ తక్కువ కాదు. పొద్దుటినుంచీ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

అప్పుడే ఆమెని బస్సెక్కించడానికి లిఫ్ట్ మెకానిక్ వచ్చాడు. మనవరాలి ముఖం చూడలేదు, జిప్ చూశాడు. చటుక్కున కింద కూర్చుని జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీశాడు.

"నేను వెళ్ళిపోతున్నాను," అంది.

"తెలుసు. అందుకే గట్టిగా బిగిస్తున్నా. దారిలో ఊడదు."

"చూశావా అమ్మమ్మా? నేను ఊరొదిలి పోతుంటే ఈయనగారికి జిప్ మీద బెంగ."

"పాపం, సాయమే చేస్తున్నాడు కదే."

"చేస్తాడు. క్లినిక్‌లో పళ్ళ డాక్టరు నన్ను అందరిముందూ తిట్టినరోజు, కాసేపు పక్కన కూర్చోవయ్యా అంటే, ఉద్యోగంలో ఎలా నెగ్గుకురావాలో క్లాసు పీకాడు. ఇల్లు మారేరోజు బీరువా దింపడానికి రమ్మంటే, ఫోన్లో ధైర్యంగా ఉండమన్నాడు. బీరువాకి ధైర్యమెందుకు?"

అమ్మమ్మకి నవ్వాగలేదు. అతను చేతిలోది కింద పెట్టాడు.

"మనం కలిసిన మొదటిరోజు క్లినిక్ లిఫ్టులో ఇరుక్కున్నాను," అందామె. "తలుపవతల నుంచి ఏం చేశావు?"

"మాట్లాడాను. లోపల మనిషి వణికిపోతుంటే పానా పట్టుకోకూడదు. ముందు మనిషి కుదుటపడాలి, తరవాతే రిపేరు."

"మరి ఇవాళ?"

అతను అప్పుడు తలెత్తి ఆమె ముఖం చూశాడు.

"ఇకనుంచి ముందే అడుగుతాను," అన్నాడు. "చెయ్యి కావాలా, చెవి కావాలా?"

"చెవి."

కొత్త ఊళ్ళో ఎవరూ తెలీదనీ, జ్వరమొస్తే ఎవరికి చెప్పుకోవాలనీ, అయినా ఉద్యోగం వదులుకోననీ చెప్పుకుపోయింది. అతను ఉండిపొమ్మంటాడేమోనని భయమట. అనడేమోనని ఇంకా భయమట. అతని నోటిదాకా రెండుసార్లు సలహా వచ్చింది. రెండుసార్లూ మింగేశాడు. కిటికీ అద్దం మీద వాన తుప్పర మొదలైంది.

"అయింది," అని ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు చెయ్యి. బ్యాగు బరువుగా ఉంది."

అతను బ్యాగు భుజానికెత్తుకున్నాడు. "లిఫ్టులు అక్కడా ఆగిపోతాయిగా. ఇది సలహా కాదు, అడుగుతున్నా. నేనూ అక్కడికే వచ్చెయ్యనా?"

ఆమె అమ్మమ్మ వంక చూసింది.

"నన్ను చూస్తావేం? లిఫ్టు తలుపు తెరవకముందే, గొంతు విని మనసు పారేసుకున్నది నేనా?"

"వచ్చెయ్," అంది మనవరాలు అతనితో, బ్యాగుకేసి చూస్తూ.

"వెళ్తామనకండి, వెళ్ళొస్తామనండి," అంది అమ్మమ్మ గుమ్మంలో నిలబడి.

"వెళ్ళొస్తాం," అన్నారిద్దరూ. "నేనైతే బ్యాగు దింపి, నా సామాను సర్దుకోడానికి రేపే వచ్చేస్తా అమ్మమ్మా," అన్నాడు అతను.

అది జూన్ ఆరో తారీఖు, శనివారం. లిఫ్ట్ మెకానిక్ తిరిగి రాలేదు. ఆగస్టులో వాళ్ళిద్దరి పెళ్ళికని వెళ్ళి, వాళ్ళ ముందుగదిలో మంచం వేయించుకున్న అమ్మమ్మ కూడా తిరిగి రాలేదు.