కొట్టేసిన కాలువ

పొద్దున్నే బద్రియా రొట్టెల పొయ్యి ముందు పిండి ముద్దలు చరుస్తుండగా, మూడు నల్ల కార్లు ఎండిన కాలువ గట్టు మీదుగా దుమ్ము రేపుకుంటూ వచ్చి వాకిట్లో ఆగాయి. దిగినవాడు ఆమె తమ్ముడు ముఖ్లిస్, వ్యవసాయ మంత్రి. అతను ఊరికి వచ్చి నాలుగు నెలలైంది.

యూఫ్రటీస్ ఒడ్డున అంబర్ అనే సువాసన వరి పండించే ఆ ఊళ్లో ఒకప్పుడు అతనంటే ప్రాణం పెట్టేవారు. తల్లి పోయాక అతణ్ణి పెంచింది బద్రియా. నారు పట్టుకోవడం నేర్పింది ఆమె భర్త హాతిమ్. వ్యవసాయ కళాశాల నుంచి నీటిపారుదల ఉద్యోగానికి, అక్కణ్ణుంచి శాసనసభకి, చివరికి మంత్రి పదవికి అతను ఎక్కుతుంటే ఊరంతా భుజాన మోసింది. ఈ ఏడు నది అడుగంటింది. నాలుగు కాలువల కింద తప్ప జిల్లాలో ఎక్కడా వరి వెయ్యకూడదని ముఖ్లిస్ ఉత్తర్వు ఇచ్చాడు. హాతిమ్ వినక నాటాడు. పోలీసులొచ్చి మోటారు పీక్కుపోయారు, నాట్లు దున్నించేశారు. ఆ పూటే ఆయన గట్టు మీద పడిపోయాడు. కుడి పక్కంతా చచ్చుబడింది, మాట పోయింది. అయినా తమ్ముణ్ణి ఎవరేమన్నా బద్రియా ఊరుకోలేదు. నీళ్లు లేకపోతే వాడేం చేస్తాడు, సంతకం పెట్టేముందు ఏడ్చే ఉంటాడు అంటూ ఇరుగుపొరుగుతో పోట్లాడింది.

ముఖ్లిస్ అక్క నుదుటిమీద ముద్దుపెట్టి, బావ మంచం పక్కన కాసేపు కూర్చుని, వచ్చిన పని చెప్పాడు. ఎల్లుండి సభలో తనను నిలదీస్తారు. మంత్రి సొంతవాళ్ల పొలాన్నీ వదల్లేదని అక్క కెమెరా ముందు రెండు మాటలంటే చాలు.

బద్రియా చేతికంటిన పిండి దులుపుకుంది. ఆ నాలుగు కాలువలూ ఎవరు ఎంచారని అడిగింది.

"ఇంజనీర్లు రాశారక్కా. అందులో మనదీ ఉంది." ముఖ్లిస్ తల దించుకున్నాడు. "జాబితాలోంచి నేనే కొట్టేశాను. సొంత అక్కకి నీళ్లిచ్చుకున్నాడంటారని."

"మరి మన నీళ్లు ఎవరికి పోయాయి? మనకంటే లేనివాళ్లకేనా?"

కార్ల దగ్గరున్నవాళ్లకి వినబడకుండా అతను గొంతు తగ్గించాడు.

"పార్టీ పెద్దాయన చేపల చెరువులకి. కాదంటే పదవి ఉండదన్నారు."

"లేనివాడి మడికి పారి ఉంటే నీ చెయ్యి కళ్లకద్దుకునేదాన్నిరా. మమ్మల్ని ఎండబెట్టి మంచోడివనిపించుకున్నావు, ఆ చాటున వాళ్లకి మళ్లించావు. ఇప్పుడు ఆ అబద్ధం నా నోటితో చెప్పించాలని వచ్చావా?"

మంచం మీద హాతిమ్ అంతా విన్నాడు. మెల్లగా మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"కెమెరా ముందు చెప్పాల్సింది నేను కాదు," అంది బద్రియా. "వెళ్లు."

రెండు రోజుల తర్వాత సభలో ముఖ్లిస్ చెప్పాడు. ఏ కాలువ కొట్టేశాడో, నీళ్లు ఎటు పోయాయో, ఎవరు అడిగారో, అన్నీ. సాయంత్రానికల్లా పదవి పోయింది. నాట్ల అదును ఎప్పుడో దాటిపోయింది కనక, నిజం బయటపడినా ఊరికి ఒరిగిందేమీ లేదు.

వారం తర్వాత అతను అద్దె కారులో వచ్చాడు. గట్టు మీద కూర్చున్న మగవాళ్లు అతని సలాముకు బదులివ్వలేదు. గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల బద్రియా భర్తని పక్కకి తిప్పడానికి ఒంటరిగా అవస్థ పడుతోంది. తమ్ముణ్ణి చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ఊరికే నిలబడతావేం? భుజాలు పట్టు. బావ వీపంతా పుండ్లు పడ్డాయి."

ముఖ్లిస్ వంగి ఎత్తాడు. హాతిమ్ తల అతని గుండెల మీద వాలింది. సత్తువ ఉన్న ఎడమ చెయ్యి తడుముకుంటూ లేచి అతని చొక్కా పట్టుకుంది. తోసేస్తాడేమో అనుకుంది బద్రియా. తోయలేదు. పట్టిన పట్టు వదల్లేదు.

"బావా..." అన్నాడు ముఖ్లిస్. ఆ వెంటనే ఏడ్చేశాడు.

బద్రియా తన కళ్లు తుడుచుకోలేదు. తడిగుడ్డ పిండి, భర్త వీపు తుడవసాగింది.